ఊపిరి కత్తిరించే పని

నా పని ఊపిరులు కత్తిరించడం.
పాటలో చరణానికి ముందు
గాయకులు గబుక్కున లోపలికి లాక్కునే చిన్న గాలిని
తెరమీద గుర్తుపట్టి, రెండు గీతల మధ్య ఇరికించి,
తీసేస్తాను.
ఇరవై రెండేళ్లుగా ఇదే కూడు.

మతొజీన్యుష్ రేవులో మూతపడ్డ చేపల డబ్బాల ఫ్యాక్టరీ
ఆ ఏడు మీ సినిమాకి సెట్టయింది.
తుప్పుపట్టిన బెల్టుల మీద డ్రమ్ములు,
నూనె తొట్లలో ఎర్ర లైట్లు,
ఎన్నిసార్లు సున్నం కొట్టినా గోడల్ని వదలని సార్డీన్ వాసన.
గిటారు తీగలకీ అంటుకుందని
అనిసేతు ఒట్టేసి చెప్పేవాడు.

నువ్వు వచ్చావు.
వెండిరేకుల కోటు, మోకాళ్ల దాకా బూట్లు,
గడ్డం మీద నిన్నటి నీడ, పెదాల మీద ఇవాళ్టి రంగు.
రిపోర్టు రాసే బెనెదీత పెన్ను ఆపింది:
"వచ్చాడనా, వచ్చిందనా?"
యూనిట్ మొత్తం నీ బూట్ల వైపు చూసింది.
"వచ్చాను అని రాయి," అన్నావు.
"తోకలు మీక్కావాలి, నాకెందుకు?"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది,
జిరాక్సు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

ఆఖరి పాట చివర ఒక కేక.
"అది పాట కాదు, సైరన్," అన్నావు కాఫీ ఊదుకుంటూ.
పడవలు చేపతో వస్తే
ఒక్కో ఫ్యాక్టరీ ఒక్కో గొంతుతో కూసేదట.
అర్ధరాత్రయినా, ఒళ్లు కాలిపోతున్నా
ఆడవాళ్లు తమ కూతకే లేచేవాళ్లట.
మీ అమ్మ గ్రసియేత్ పరుగెడుతూనే తలగుడ్డ కట్టుకునేదట,
చీకట్లో పక్కమీద నువ్వు
ఆ కూతకి గొంతు కలిపే...
ఇదిగో, నా వాక్యం కూడా తోక వెతుక్కుంటోంది.
వదిలేస్తున్నాను.

పదిహేడు టేకులు.
ప్రతిసారీ అంచుకి వెళ్లగానే పగిలేది,
కింది గొంతూ పై గొంతూ
ఒకే గుమ్మంలో ఇరుక్కున్నట్టు.
"సాపు చెయ్యి," అన్నాడు నిర్మాత.
చేశాను.
గుట్టలన్నీ ఇస్త్రీ చేసి,
తొమ్మిది ఊపిరులు తీసి పక్కన పెట్టాను.
కేక తళతళలాడింది, కొత్త డబ్బా మూతలా.
నీకు వినిపించబోతే చెవులు మూసుకున్నావు.
"నా గొంతు నేను వినను.
పదమూడో ఏటే మానేశాను."

మర్నాడు పాత కార్మికుల్ని పిలిపించారు,
పదకొండు మంది, అరువు తెచ్చిన ఏప్రన్లలో.
కేక వినగానే లేవాలి, అదీ షాటు.
సాపు చేసిందే పెట్టాను.
అసిస్టెంటు చెయ్యి ఊపాక లేచారు,
బస్సు కోసం లేచినట్టు.

తర్వాత అసలుది పెట్టాను.
పొరపాటున అని నిర్మాతకి చెప్పాను.

కేక ఇంకా మొదలవలేదు.
ఎనభై మూడేళ్ల జెర్త్రూదెష్ చెయ్యి తలమీదికి పోయింది,
లేని గుడ్డ కోసం తడుముకుంది.
"మనదే," అంది పక్కామెతో,
"కూసే ముందు ఊపిరి తీసుకునేది, గుర్తుందా?
మనం దానికే లేచేవాళ్లం."
అప్పటికే నలుగురు తలుపు వైపు నడుస్తున్నారు.
ఇంకా లేదు, ఇంకా లేదు, అని అసిస్టెంటు అరుపులు.
కెమెరా తిరగడం లేదు.

నీ చేతులు చెవుల మీంచి ఎప్పుడు దిగాయో నేను చూడలేదు.
చూసేసరికి ఖాళీగా ఒళ్లో ఉన్నాయి,
గోళ్లరంగు ఒకచోట పెచ్చు లేచి.
"మళ్లీ పెట్టు," అన్నావు.
పెట్టాను.
"ఇంకోసారి."
ఈసారి పగిలిన చోట నీ గొంతు కూడా కలిసింది,
మెల్లగా, పక్కింటివాళ్లు నిద్రపోతున్నట్టు.

సినిమాలో సాపు చేసిన కేకే ఉంది.
నిర్మాతదే పై చెయ్యి, నాకు నెల జీతం రావాలి.
కానీ దానికి ముందున్న ఒక్క ఊపిరిని
రెండు గీతల మధ్యకి తెచ్చి కూడా వదిలేశాను.
మొదటి ఆటకి పోర్తు వెళ్లాం.
హాల్లో సగం కుర్చీలు ఖాళీ.
నువ్వు మూడు వరసల వెనక, కోటు లేకుండా.
నేను తెర చూడలేదు.
జెర్త్రూదెష్ తల వెనకభాగం చూస్తూ కూర్చున్నాను,
చెయ్యి లేస్తుందా అని.